పసి ఎముకల సాక్ష్యాన్ని చదివిన డాక్టర్ జాన్ క్యాఫీ

సింగపూర్ సైట్లలో పనిచేసే మనందరికీ ఎక్స్‌రే రెండు రకాలుగా పరిచయం. వర్క్ పర్మిట్ మెడికల్‌లో ఛాతీకి తీసేది ఒకటి. పైపులకు, స్టీలు జాయింట్లకు వెల్డింగ్ అయ్యాక ఎన్.డి.టి. వాళ్ళు వచ్చి, చుట్టూ తాడు కట్టి, అందర్నీ దూరం పంపి తీసే ఫిల్ము రెండోది. పైకి నున్నగా, ముచ్చటగా కనిపించే వెల్డింగ్ లోపల గాలిబుడగ ఉన్నా, చీలిక ఉన్నా ఆ ఫిల్ములో దాగదు. వెల్డర్ ఎంత సీనియర్ అయినా సరే, సూపర్‌వైజర్లుగా మేము సంతకం పెట్టేది ఫిల్ము చూశాకే.

నోరులేని చంటిబిడ్డ ఒంట్లో దాగిన దెబ్బలను కూడా ఇలాగే ఫిల్ములో చదవవచ్చని ప్రపంచానికి చూపించిన డాక్టరు ఒకాయన ఉన్నారు. పేరు జాన్ క్యాఫీ. మనం తాగే కాఫీకీ ఈయనకీ సంబంధం లేదు లెండి. పిల్లల ఎక్స్‌రే వైద్యానికి ఆయన్ని తండ్రి అని పిలుస్తారు. భార్యాబిడ్డల్ని ఊళ్ళో వదిలి ఇక్కడ కష్టపడుతున్న మనలాంటి వాళ్ళం ఆయన కథ తప్పక తెలుసుకోవాలి. ఎందుకో చివర్లో చెబుతాం.

బొగ్గు గనుల ఊరి బిడ్డ

క్యాఫీ 1895 మార్చి 30న అమెరికాలోని యూటా రాష్ట్రంలో క్యాజిల్ గేట్ అనే ఊళ్ళో పుట్టారు. మన సింగరేణి ప్రాంతంలాగే అది బొగ్గు గనుల మీద బతికిన చిన్న ఊరు. 1924లో అక్కడి గనిలో పేలుడు జరిగి 170 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఇప్పుడు ఆ ఊరే లేదు, ఎప్పుడో ఖాళీ చేయించారు.

ఇంకో విశేషం చూడండి. ఎక్స్‌రే కూడా ఆ ఏడాదే పుట్టింది. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే ప్రొఫెసర్ ఈ కిరణాలను కనిపెట్టారు. డిసెంబరులో తన భార్య చేతిని ఫోటో తీస్తే వేళ్ళ ఎముకలు, ఉంగరం స్పష్టంగా కనిపించాయి. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. రాంట్‌జెన్ ఆ కిరణాలను చూసిన రోజుకి క్యాఫీ ఏడు నెలల పసివాడు.

క్యాఫీ మిషిగన్ యూనివర్సిటీలో వైద్యం చదివి 1919లో డాక్టరయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. యూరప్ తూర్పు దేశాల్లో ఆకలి, అంటురోగాలు విలయతాండవం చేస్తున్నాయి. ఆయన ప్రాక్టీసు పెట్టి డబ్బు సంపాదించుకోకుండా రెడ్‌క్రాస్ వంటి సహాయ సంస్థలతో కలిసి సెర్బియా, పోలండ్, రష్యాలకు వెళ్ళి మూడేళ్ళు పనిచేశారు. పరాయి దేశంలో, భాష రాని చోట పనిచేయడమంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు. తిరిగొచ్చాక పిల్లల వైద్యంలో శిక్షణ తీసుకుని, న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన బేబీస్ హాస్పిటల్‌లో చేరారు.

రేడియాలజీ చదవని రేడియాలజిస్టు

క్యాఫీ రేడియాలజీ కోర్సు చేయలేదు. ఆయన పిల్లల డాక్టరు, అంతే. అప్పట్లో పిల్లల ఎక్స్‌రేలను కూడా పెద్దవాళ్ళ ఎక్స్‌రేలు చూసే డాక్టర్లే చూసేవారు. బిడ్డ ఎముక పెద్దవాళ్ళ ఎముకకు చిన్న సైజు నమూనా కాదు. అది ఇంకా పెరుగుతూ ఉంటుంది, చివర్లు మెత్తగా ఉంటాయి, కొన్ని భాగాలు ఫిల్ములో అసలు కనిపించవు. ఇది తెలియకుండా రిపోర్టులు రాస్తున్నారని క్యాఫీ ఊరుకోకుండా విమర్శించేవారు. అంత తెలిసినవాడివి నువ్వే చూసుకో అని ఆస్పత్రి పెద్దలు ఆ పని ఆయనకే అప్పగించారని చెబుతారు. సైట్లో కూడా అంతే కదా, తప్పు ఎత్తిచూపినవాడి నెత్తినే పని పడుతుంది. 1929 ప్రాంతంలో అలా మొదలైన పని ఆయన జీవితమే అయిపోయింది.

తోటి డాక్టర్ల దగ్గర అడిగి, తానే చూసి, పోల్చి నేర్చుకున్నారు. ఆయన పట్టిన పద్ధతి చాలా సాదాది. ముందు ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఎలా ఉంటుందో తెలియాలి, అప్పుడే జబ్బు తెలుస్తుంది. వేలకొద్దీ ఫిల్ములు చూసి 1945లో పిల్లల ఎక్స్‌రే నిదానం మీద పెద్ద పుస్తకం రాశారు. ఆ పుస్తకం తర్వాతి కూర్పులు ఆయన పేరుతోనే ఇప్పటికీ డాక్టర్లు చదువుతున్నారు.

ఆ రోజుల్లో ఇంకో దురభిప్రాయం ఉండేది. చంటిబిడ్డ ఛాతీలో థైమస్ అనే గ్రంథి పెద్దగా కనిపిస్తే అది ఊపిరి ఆపేసి బిడ్డను చంపుతుందని భయపడి, దాన్ని కుదించడానికి రేడియేషన్ పెట్టేవారు. చంటిపిల్లల్లో ఆ గ్రంథి పెద్దగా ఉండటం మామూలేననీ, రేడియేషన్ పెట్టడం అర్థంలేని పనియనీ క్యాఫీ గట్టిగా రాశారు. అలా రేడియేషన్ పెట్టించుకున్న పిల్లల్లో తర్వాతి కాలంలో థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. పెద్ద డాక్టర్లు చెప్పారు కదా అని ఒప్పేసుకోకుండా, ఫిల్ములో ఏముందో అదే చెప్పడం ఆయన స్వభావం. ఆ స్వభావమే 1946లో ఆయన్ని ఎవరూ తొక్కని దారిలోకి తీసుకెళ్ళింది.

ఆరుగురు బిడ్డలు, 23 విరుగుళ్ళు

కొంతమంది చంటిబిడ్డల్ని ఆస్పత్రికి తెచ్చేసరికి పుర్రె లోపల, మెదడు పైపొర కింద రక్తం గూడుకట్టి ఉండేది. అప్పటికి సి.టి. స్కాన్లు లేవు. మాడు మెత్తగా ఉండేచోట సూది గుచ్చి చూసి కనుక్కునేవారు. ఈ రక్తం ఎందుకు చేరుతోందో సరిగా తెలియదు. విటమిన్ లోపమని కొందరు, ఇన్ఫెక్షన్ అని కొందరు అనుకునేవారు.

అలాంటి బిడ్డల కాళ్ళూ చేతుల ఎక్స్‌రేలు చూస్తుంటే క్యాఫీకి ఒక విషయం పదేపదే కనిపించింది. చాలాచోట్ల ఎముకలు విరిగి ఉన్నాయి. తల్లిదండ్రులను అడిగితే బిడ్డ ఎక్కడా పడలేదని, దెబ్బ తగల్లేదని చెబుతున్నారు. ఎముకలను పెళుసు చేసే జబ్బేమైనా ఉందా అని చూస్తే ఆ లక్షణాలు లేవు. పైగా అన్ని విరుగుళ్ళూ ఒకే వయసువి కావు. ఒకటి తాజాది, ఒకటి అతుక్కుంటున్నది, ఒకటి పాతది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. పాత గోడలో పగుళ్ళు చూసినప్పుడు మేము కూడా ఇదే చూస్తాం. పగులు అంచులు పదునుగా ఉన్నాయా, లోపల దుమ్ము, నాచు పట్టిందా, ఒకసారి పూసిన పూత మళ్ళీ చీలిందా? దాన్నిబట్టి ఇది ఒక్కరోజు దెబ్బా, పలుమార్లు పడిన భారమా అన్నది తెలుస్తుంది. ఎముక కూడా అంతే. విరిగిన కొన్నాళ్ళకు దాని చుట్టూ కొత్త ఎముక పొరలా పేరుకుంటుంది. ఆ పొరను చూస్తే దెబ్బ సుమారు ఎన్నాళ్ళ క్రితందో చెప్పవచ్చు. వేర్వేరు వయసుల విరుగుళ్ళు ఒకే బిడ్డలో ఉన్నాయంటే దెబ్బ ఒక్కసారి తగిలింది కాదు.

1946లో క్యాఫీ ఆరుగురు బిడ్డల వివరాలతో ఒక వ్యాసం అచ్చువేశారు. ఆ ఆరుగురిలో కలిపి 23 విరుగుళ్ళు లెక్కతేలాయి. ఒక బిడ్డకు ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళాక కొత్త విరుగుళ్ళు వచ్చాయి. ఇంకో బిడ్డ తల్లికీ తండ్రికీ ఇద్దరికీ అక్కర్లేని బిడ్డ. కావాలని కొట్టారేమో అన్న అనుమానం వచ్చిందని ఆయన రాశారు, రుజువుకు ఆధారం చాలలేదని కూడా రాశారు. అనుమానం దాచలేదు, అలాగని లేని రుజువును కల్పించనూ లేదు. ఇవి దెబ్బల వల్ల వచ్చిన విరుగుళ్ళేనని, తలలో రక్తంతో ఉన్న ప్రతి బిడ్డకూ ఎముకలు, విరిగిన ఎముకలతో ఉన్న ప్రతి బిడ్డకూ తల పరీక్షించాలని ఆయన వ్యాసం దారి చూపింది.

నమ్మడానికి పదహారేళ్ళు

కన్నవాళ్ళే బిడ్డను ఇంతగా గాయపరుస్తారని నమ్మడం డాక్టర్లకు కూడా కష్టమైంది. ఏదో తెలియని కొత్త ఎముకల జబ్బు అని సర్దిచెప్పుకున్నవాళ్ళు చాలామంది. నిజానికి 1860లోనే పారిస్‌లో తార్దియూ అనే ఫోరెన్సిక్ డాక్టరు ఇళ్ళలో పిల్లలపై జరిగే హింస గురించి రాశారు. అప్పుడు ఎక్స్‌రే లేదు, వినేవాళ్ళూ లేరు.

క్యాఫీ దగ్గర నేర్చుకున్న ఫ్రెడరిక్ సిల్వర్‌మన్ 1953లో ఇంకొన్ని కేసులు ప్రచురించారు. ఇంట్లోవాళ్ళకు దెబ్బ సంగతి తెలియకపోవచ్చు, మరిచిపోవచ్చు, చెప్పడానికి ఇష్టపడకపోవచ్చు, కాబట్టి డాక్టరు ఓపిగ్గా అడగాలన్నది ఆయన చెప్పిన మాటల సారాంశం. క్యాఫీ కూడా 1957లో అచ్చయిన ప్రసంగంలో ఇంకాస్త స్పష్టంగా మాట్లాడారు. దెబ్బ అని సరిగా గుర్తిస్తే బిడ్డను ఆ చోటు నుంచి తప్పించి ప్రాణం కాపాడవచ్చన్నారు.

చివరికి 1962లో డెన్వర్‌కు చెందిన పిల్లల డాక్టరు హెన్రీ కెంప్, సిల్వర్‌మన్, మరో ముగ్గురితో కలిసి ఈ పరిస్థితికి దెబ్బలు తిన్న బిడ్డ లక్షణ సమూహం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 71 ఆస్పత్రులను అడిగితే ఒక్క ఏడాదిలో 302 మంది పిల్లల కేసులు తేలాయి. వాళ్ళలో 33 మంది చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. దేశం ఉలిక్కిపడింది. 1967 కల్లా అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి అనుమానం వస్తే డాక్టరు ప్రభుత్వానికి తెలపాలనే చట్టాలు వచ్చాయి. ఆరుగురు బిడ్డల ఫిల్ములతో మొదలైనది చట్టం దాకా వెళ్ళడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

కుదిపితే ఏమవుతుంది

1960లో 65 ఏళ్ళు నిండి న్యూయార్క్‌లో రిటైరయినా క్యాఫీ విశ్రాంతి తీసుకోలేదు. పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రిలో, తన పాత శిష్యుడు నడిపే విభాగంలో చేరి పనిచేశారు. శిష్యుడి కింద పనిచేయడం నామోషీ అనుకోలేదు. డెబ్భై ఏళ్ళు దాటాక, 1972లోనూ 1974లోనూ ఆయన రాసిన రెండు వ్యాసాలు లోకాన్ని మరోసారి హెచ్చరించాయి.

చంటిబిడ్డ తల ఒంటితో పోలిస్తే బరువు. మెడ కండరాలకు బలం ఉండదు. కోపంలో బిడ్డ రెండు జబ్బలూ పట్టుకునో, ఛాతీని గట్టిగా పట్టుకునో ముందుకూ వెనక్కూ కుదిపితే తల కొరడాలా ఊగుతుంది. మెదడుకూ పైపొరకూ మధ్య ఉన్న సన్నని రక్తనాళాలు తెగుతాయి. కంటి లోపలి పొరలో కూడా రక్తం చేరవచ్చు. పైన ఒక్క గీత కూడా ఉండదు. 1946లో పైకి దెబ్బే కనిపించని బిడ్డల తలలో రక్తం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఆయన వెతుక్కున్న జవాబు ఇది. బిడ్డల్ని కుదపవద్దని దేశమంతా ప్రచారం చేయాలని కూడా కోరారు.

కొన్ని మోటు ఆటలు కూడా ప్రమాదమని ఆయన అనుమానించారు. తర్వాతి డాక్టర్లు ఆ మాటను అంతగా ఒప్పుకోలేదు. ఒళ్ళో ఆడించడం, ఉయ్యాల ఊపడం వల్ల ఇలాంటి గాయాలు రావు. కాబట్టి మన అమ్మమ్మలు, నాయనమ్మలు కంగారుపడనక్కర్లేదు. కోపంతో బలంగా కుదపడమే ప్రాణాంతకం. క్యాఫీ 1978లో, 83 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఈ రోజుల్లో ఎలా చూస్తారు

క్యాఫీ చూపిన దారినే ఇవాళ పరీక్షలు నడుస్తున్నాయి. హింస అనుమానం ఉన్న రెండేళ్ళ లోపు బిడ్డకు ఒళ్ళంతా ఒకే ఫిల్ములో తీయరు. తల, ఛాతీ, వెన్ను, ఒక్కో చెయ్యి, ఒక్కో కాలు విడివిడిగా ఇరవై దాకా ఎక్స్‌రేలు తీస్తారు. పక్కటెముకల సన్నని విరుగుడు మొదటిరోజు కనబడకపోవచ్చు. అందుకే సుమారు రెండు వారాల తర్వాత మళ్ళీ తీస్తారు. అప్పటికి అతుకు పెరిగి చోటు తెలిసిపోతుంది. పక్కటెముక వెనక భాగంలో విరుగుడు ఉంటే ఛాతీని గట్టిగా నొక్కారేమో అనీ, మోకాలి దగ్గర ఎముక అంచు ముక్క లేచి ఉంటే కాలిని మెలితిప్పారేమో అనీ అనుమానిస్తారు.

తలకు 1971లో లండన్‌లో మొదలైన సి.టి. స్కాన్ పెద్ద వరం. నిమిషాల్లో రక్తం కనబడుతుంది. ఎం.ఆర్.ఐ.లో రేడియేషన్ ఉండదు, మెదడు గాయం ఇంకా వివరంగా తెలుస్తుంది, కానీ బిడ్డ కదలకుండా ఉండాలి.

ఒక్క మాట మరువకూడదు. ఫిల్ము విరుగుడును చూపిస్తుంది, కొట్టినవాడి పేరు చెప్పదు. పుట్టుకతో ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు, డి విటమిన్ లోపంతో వచ్చే రికెట్స్ లాంటివి కూడా ఇలాంటి గుర్తులు చూపగలవు. అందుకే రక్తపరీక్షలు, కంటిపరీక్ష, ఇంటి పరిస్థితి అన్నీ కలిపి చూస్తారు. కుదుపు కేసుల మీద కోర్టుల్లో వాదోపవాదాలు కూడా జరిగాయి. అన్యాయంగా ఎవరి మీదా నింద పడకూడదు, అలాగని బిడ్డ మళ్ళీ అదే చేతుల్లోకి పోకూడదు. క్యాఫీ 1946లో పాటించిన నిదానం ఇందుకే ఇప్పటికీ పనికొస్తోంది.

మనకెందుకీ కథ

ఇంట్లో మొగుడు పెళ్ళాన్ని కొడితే బిడ్డకేం సంబంధం అంటారు కొందరు. పాలు తాగే బిడ్డ ఎప్పుడూ తల్లి చంకలోనో, ఒళ్ళోనో ఉంటుంది. తల్లి మీదికి వచ్చిన దెబ్బ బిడ్డకు తగులుతుంది. తోస్తే తల్లితోపాటు బిడ్డా పడుతుంది. పరిగెత్తి తప్పించుకోలేదు, ఎక్కడ నొప్పో చెప్పలేదు. అందుకే కొట్లాట జరిగిన ఇంట్లో చంటిబిడ్డ ఒంటి మీద ఏమీ కనిపించకపోయినా డాక్టరుకు చూపించాలి.

మన ఊళ్ళల్లో ఏం చేస్తాం? బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే దిష్టి తగిలిందంటాం. ఉలిక్కిపడితే జడుసుకుందని తాయెత్తు కట్టిస్తాం. దిష్టి తీయండి, కాదనం. కానీ పాలు తాగకపోవడం, ఆగకుండా వాంతులు, మత్తుగా పడి ఉండటం, ఫిట్స్, మాడు ఉబ్బడం, ఒక చెయ్యో కాలో కదపకపోవడం, నడక రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చలు, ఇవి కనిపిస్తే తాయెత్తు తర్వాత, ఆస్పత్రి ముందు. పోలీసు కేసవుతుందేమోనని మంచం మీంచి పడిందని అబద్ధం చెప్పే ఇళ్ళున్నాయి. ఆ అబద్ధం వల్ల డాక్టరు తలకు స్కాన్ రాయకపోతే నష్టపోయేది బిడ్డే.

మనలో చాలామందికి కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చుకునే వీలు లేదు. డార్మిటరీలో మంచం మీద కూర్చుని వీడియో కాల్‌లో బిడ్డ మొహం చూసుకుంటాం. పంపిన డబ్బు గురించో, తాగుడు గురించో అక్కడ ఇంట్లో గొడవలు పడితే మనకు తెలిసేది సగమే. కొట్టేది మామగారు కావచ్చు, మరిది కావచ్చు, సెలవుకి వెళ్ళిన మనమే కావచ్చు. ఆవిడ భయంతో చెప్పలేకపోవచ్చు. ఫోన్లో లెక్కలు అడిగే ముందు బిడ్డ పాలు తాగుతోందా, కాళ్ళూ చేతులూ ఆడిస్తోందా అని అడగండి. నిన్ను ఎవరైనా కొడుతున్నారా అని కూడా అడగండి. చెబితే నమ్మండి.

మన దేశంలో గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 నుంచి అమల్లో ఉంది. పిల్లల కోసం 1098, ఆడవాళ్ళ కోసం 181, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లున్నాయి. ఇక్కడ కుటుంబంతో ఉన్నవాళ్ళు 1800-777-0000కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. 2021లో మొదలైన హింస నివారణ హెల్ప్‌లైన్ ఇది. ప్రాణాపాయమైతే అంబులెన్సుకు 995, పోలీసుకు 999. పిల్లలకు పేరున్న కె.కె. ఆస్పత్రి బుకిట్ తిమా రోడ్డులో, లిటిల్ ఇండియాకు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

ఇంకో సంగతి. బిడ్డ ఏడుపు ఆపకపోతే విసుగు రావడం ఎవరికైనా సహజమే. అలాంటప్పుడు బిడ్డను మంచం మీద కాదు, ఉయ్యాలలోనో నేల మీద పరుపులోనో వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు అడుగులు పక్కకు వెళ్ళి, కోపం తగ్గాక వచ్చి ఎత్తుకోవాలి. కాసేపు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు. ఈ మాట మగవాళ్ళకూ చెప్పాలి, ముఖ్యంగా సెలవు మీద ఇంటికెళ్ళే కొత్త తండ్రులకు. ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు పైన రాసిన నంబర్లు ఇంట్లోవాళ్ళ చేత గోడ మీదో, క్యాలెండర్ మీదో రాయించండి.